కంటిలోని కటకమునకు లెక్క

శుక్లమునకు శస్త్రచికిత్స జరిగిన పెద్దలున్న ఇండ్లలో ‘సోడాబుడ్డి అద్దములు’ అను మాట ఎరుగనివారుండరు. ఇరువదవ శతాబ్దపు చివరి దశకము వరకును మన పల్లెలలో శుక్లము తీయించుకొన్నవారి ముఖములమీద ఆ దళసరి అద్దములే కనబడుచుండెను. కంటిలోని సహజకటకము మసకబారుటయే శుక్లము. దానిని తీసివేసినచో వెలుతురునకు దారి దొరకును గాని, వెలుతురును ఒకచోట కూర్చు సాధనము పోవును. ఆ లోటు తీర్చుటకు కంటి వెలుపల 10 మొదలు 12 డయాప్టరుల అద్దము పెట్టవలసివచ్చెను. ఆ అద్దములో ప్రతి వస్తువును నూటికి 25, 30 పాళ్లు పెద్దదిగా తోచును. గడప ఉన్నచోట ఉన్నట్లుండదు. చెంబు దగ్గరగా ఉన్నట్లు భ్రమగొలుపుటచేత చాచిన చేయి దానికి ఈవలనే నిలిచిపోవును. ఒక కంటికి మాత్రమే చికిత్స జరిగినవారి పాట్లు ఇంకను ఎక్కువ. రెండు కన్నులలో రెండు ప్రమాణముల బొమ్మలు పడి ఒకటిగా కలియవు.

ఈనాడు ఆ అద్దములు చాల అరుదైనవి. శుక్లమును తీసినచోటనే, కంటిలోపల, ఒక కృత్రిమకటకమును అమర్చుచున్నారు. ఈ మార్పునకు ఆ కటకమును కనిపెట్టుటయే కారణమని సామాన్యముగా చెప్పుదురు. మా అభిప్రాయమున అది సగము కథ మాత్రమే. ఏ కంటికి ఎంత సామర్థ్యముగల కటకము తగునో శస్త్రచికిత్సకు ముందే లెక్కకట్టి చెప్పుట రెండవ సగము. ఎక్కువకాలము పట్టినదియు, ఇప్పటికిని పూర్తిగా తెగనిదియు ఈ రెండవ సగమే.

డయాప్టరను కొలతను గూర్చి ఒక మాట చెప్పి ముందునకు పోయెదము. ఎండను ఒక మీటరు దూరమున చుక్కగా కూర్చు కటకపు సామర్థ్యము 1 డయాప్టరు. అరమీటరులో కూర్చినచో 2. ఐదు సెంటీమీటర్లలో కూర్చినచో 20. పిల్లలు భూతద్దముతో ఎండను పట్టి కాగితము కాల్చు ఆటలో ఉన్నది ఈ కొలతయే. మానవనేత్రపు మొత్తము సామర్థ్యము దాదాపు 60 డయాప్టరులు. అందులో సుమారు 43 కంటి ముందుభాగమున గాజుబిళ్లవలె మెరయు కార్నియాది. మిగిలిన దానిలో ఇంచుమించు 20 లోపలి కటకమునకు చెందును. స్వీడను దేశపు నేత్రశాస్త్రజ్ఞుడు ఆల్వార్ గుల్‌స్ట్రాండ్ ఈ అంకెలను శ్రమించి సాధించెను. 1911లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది కంటిలోని వెలుతురు నడకను గూర్చిన కృషికే.

శుక్లచికిత్స చాల ప్రాచీనము. సూదితో మసకకటకమును కంటిలోపల వెనుకకు నెట్టు విధానము సుశ్రుతసంహితలో ఉన్నది. 1747లో ఫ్రెంచి వైద్యుడు జాక్ దావియేల్ కటకమును నెట్టుటకు బదులు కోసి వెలికి తీయు పద్ధతికి నాంది పలికెను. తీసినదాని స్థానమున మరొకటి పెట్టుట మాత్రము మరి రెండువందల సంవత్సరములకు గాని కుదురలేదు.

1940 ఆగస్టులో గోర్డన్ క్లీవర్ అను బ్రిటిషు వైమానికుడు నడుపుచున్న హరికేన్ విమానమునకు శత్రువుల గుండ్లు తగిలి, దాని పైకప్పులోని పెర్స్‌పెక్స్ తునకలు అతని కన్నులలో దిగబడెను. పెర్స్‌పెక్స్ అనునది గాజువలె పారదర్శకమైన ఒక ప్లాస్టిక్కు. ఇట్టి తునకలు కంటిలో ఉండిపోయినను, కన్ను వానిని పరాయివస్తువుగా భావించి వాచిపోవుట లేదని లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించెను. శుక్లము తీయుట చూచిన ఒక విద్యార్థి, దాని స్థానమున మరొకటి పెట్టరేమని ఆయనను అడిగెనట. రిడ్లీ రేనర్ అను అద్దముల కంపెనీలో పనిచేయు జాన్ పైక్‌తో మాటలాడి అదే ప్లాస్టిక్కుతో కటకము చేయించెను. 1949 నవంబరు 29న ఒక స్త్రీకి శుక్లము తీసి, 1950 ఫిబ్రవరి 8న ఆమె కంటిలో ఆ కటకమును స్థిరముగా అమర్చెను.

కటకము నిలిచెను. కన్ను ఓర్చుకొనెను. కాని ఆమెకు దూరపు వస్తువులు కనబడుటకు ఋణ 18 డయాప్టరుల అద్దము కావలసివచ్చెను. కంటి వంపులోని అసమానత్వమునకు మరియొక 6 డయాప్టరులు దానికి తోడు. ఋణ 18 అనగా అద్దము లేనిదే కంటికి ఐదారు సెంటీమీటర్లకు ఆవల ఉన్నదేదియు స్పష్టముగా కనబడదన్నమాట. దళసరి కుంభాకారపు అద్దమును తప్పించుటకు చేసిన చికిత్స దళసరి పుటాకారపు అద్దమును తెచ్చిపెట్టెను.

ఇంత భేదమెట్లు వచ్చెను? వారు మానవకటకపు వంపులనే ఆదర్శముగా గైకొనిరి. గుల్‌స్ట్రాండ్ లెక్క ప్రకారము సహజకటకపు ముందువంపు వ్యాసార్ధము 10 మిల్లీమీటర్లు, వెనుకవంపుది 6. ఆ కటకపు వక్రీభవన గుణకము మొత్తముమీద 1.41 ప్రాంతము. పెర్స్‌పెక్స్‌ది 1.49. ఈ రెండంకెలకు భేదము స్వల్పముగా కనబడును. కాని కటకము చుట్టును గాలి లేదు, 1.336 గుణకముగల ద్రవమున్నది. వెలుతురును వంచునది కటకపు గుణకము కాదు, కటకమునకును ద్రవమునకును గల వ్యత్యాసము. సహజకటకమునకు ఆ వ్యత్యాసము సుమారు 0.07, పెర్స్‌పెక్స్‌కు 0.15. అనగా రెట్టింపు. ఆ వంపులతో పెర్స్‌పెక్స్ కటకము చేసినచో లెక్కకు 40 డయాప్టరుల పైచిలుకు వచ్చును; కావలసినది 20. తరువాతి కటకములలో వంపులను చదును చేసి ఈ అతిశయమును తగ్గించిరి. రిడ్లీని 1951లో ఆక్స్‌ఫర్డ్ సభలో పెద్దలు ఆదరింపకపోవుటకు వేరే కారణములు పెక్కు గలవు. ఏది ఏమైనను, కటకపు లెక్క ఎంత నిర్దయమైనదో మొదటి రోగి కన్నే చాటెను.

తరువాతి ఇరువది సంవత్సరములును కటకములను నిలుపుట ఎట్లన్నదానిమీదనే వైద్యుల దృష్టి నిలిచెను. 1958లో హాలండు వైద్యుడు కార్నీలియస్ బింక్‌హార్స్ట్ కటకమును ఐరిస్‌కు, అనగా కంటిలోని రంగుపొరకు, కొక్కెములతో తగిలించు పద్ధతి తెచ్చెను. సామర్థ్యము మాటకు వచ్చినప్పుడు చాలమంది సగటు కంటికి సగటు కటకమును వాడిరి; ఊరివారికందరికి ఒకే కొలత చెప్పులు కుట్టించినట్లు. కొంత శ్రద్ధ గలవారు రోగి వెనుకటి కళ్లద్దముల సంఖ్యను అడిగి, దానిని 1.25తో గుణించి, 18కి కలుపుచుండిరి. హ్రస్వదృష్టి గలిగి ఋణ 4 అద్దము వాడినవానికి 18 నుండి 5 తీసి 13 డయాప్టరుల కటకము పెట్టవలెనన్నమాట.

ఈ సూత్రములో ఒక చిక్కున్నది. అరువదియేండ్లు దాటిన పెద్దలు కొందరు తమకు చత్వారము పోయినదనియు, అద్దములు లేకయే పత్రిక చదువుచున్నామనియు సంతోషముతో చెప్పుట మనము వినియుందుము. అది చూపు తిరిగివచ్చుట కాదు. శుక్లము ముదురునప్పుడు కటకపు నడిమిభాగము గట్టిపడి దాని సామర్థ్యము పెరుగును. కన్ను హ్రస్వదృష్టివైపునకు జరుగును. కావున శస్త్రచికిత్సకు ముందు వాడుచున్న అద్దపు సంఖ్యలో కంటి స్వభావమెంతయో, శుక్లము చేసిన మార్పెంతయో తేల్చుట కష్టము. ఏ కటకమును తీసి పారవేయనున్నామో ఆ కటకమునే సాక్ష్యమడిగి లెక్క కట్టుట అగును.

సరియైన త్రోవ రష్యానుండి వచ్చెను. 1960లో చెబోక్సారి పట్టణమున సోవియెట్ దేశములో మొదటి కృత్రిమకటకమును అమర్చిన స్వ్యాతోస్లావ్ ఫ్యొదొరొవ్, 1967లో కొలింకో అను సహచరునితో కలిసి, కటకసామర్థ్యమును కంటి జ్యామితినుండియే గణించు సూత్రమును ప్రకటించెను. దాని తత్త్వము సులభము. కార్నియా వెలుతురును ఎంత వంచునో తెలియవలెను. కంటి పొడవు, అనగా కార్నియానుండి వెనుకగోడనున్న నేత్రపటలము వరకు దూరము, తెలియవలెను. నడుమ కృత్రిమకటకము ఎచ్చట నిలుచునో తెలియవలెను. ఈ మూడును తెలిసినచో పాతకటకముతో పనిలేదు. 1973 మొదలు 1975 వరకు హాలండులో కోలెన్‌బ్రాండర్, వాన్ డెర్ హైడె, న్యూయార్కులో కార్నీలియస్ సోదరుడు రిచర్డ్ బింక్‌హార్స్ట్ మున్నగువారు ఇదే మార్గమున సూత్రములు వ్రాసిరి. పేర్లు వేరైనను వానిలోని దృశాశాస్త్రము ఒకటే.

మొదటి కొలత పాతదే. కార్నియామీద పడిన దీపపు ప్రతిబింబము ఎంత చిన్నదిగా ఉన్నదో చూచి దాని వంపును తెలిసికొను యంత్రమును జర్మనుశాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్జ్ పందొమ్మిదవ శతాబ్దపు నడుమనే చేసియుండెను. రెండవదియే కష్టము. బ్రదికియున్న కంటి పొడవును కొలుచుట ఎట్లు? ఇందులకు ధ్వని తోడ్పడినది. మన చెవికి వినబడని అతిధ్వనులను కంటిలోనికి పంపినచో ప్రతి పొరనుండియు ప్రతిధ్వని వచ్చును. 1956లో అమెరికాలో ముండ్ట్, హ్యూజెస్ అనువారు దీనిని కంటి పరీక్షకు వాడిరి. వారి ఉద్దేశము కణితులను వెదకుట. పొడవు కొలుచుటకు అదే ఉపాయము పనికివచ్చెను. కంటిలో అతిధ్వని సెకనునకు సుమారు 1,550 మీటర్లు పోవును. ఇరువదిమూడున్నర మిల్లీమీటర్ల కంటిలో అది పోయి వచ్చుటకు పట్టుకాలము సెకనులో పదిలక్షలవ వంతులు 30. రేడియో ముందు కూర్చున్నవారికి ఇంత స్వల్పకాలమును కొలుచుట అద్భుతముగా తోచకపోవచ్చును; విద్యుద్విద్యకు అది అలవాటైన పనియే.

1980లో అమెరికా వైద్యుడు కెన్నెత్ హాఫర్ శుక్లము గల 7,500 కన్నుల కొలతలను ప్రకటించెను. సగటు పొడవు 23.65 మిల్లీమీటర్లు, అటునిటు విచలనము 1.35. ఇది చిన్న భేదమేనని అనుకొనరాదు. పొడవులో ఒక మిల్లీమీటరు తేడా కటకములో రెండున్నర డయాప్టరుల తేడా. కనుక సగటు కటకమును అందరికి పెట్టినచో ఎంతమంది మూడు డయాప్టరులకు పైగా తప్పుచుండిరో ఊహింపవచ్చును.

అదే సంవత్సరము శాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ అను ముగ్గురు అమెరికనులు వేరొక దారిని త్రొక్కిరి. వారు దృశాశాస్త్రమును ప్రక్కకు పెట్టి, జరిగిపోయిన శస్త్రచికిత్సల ఫలితములను పోగుచేసి వానికి సరిపడు సరళరేఖను గీసిరి. వచ్చిన సూత్రము చేతివ్రేళ్లమీద వేయదగినంత చిన్నది: ‘ఏ’ అను స్థిరాంకమునుండి, పొడవును రెండున్నరతో గుణించి తీసివేయుడు, కార్నియా సామర్థ్యమును 0.9తో గుణించి తీసివేయుడు, మిగిలినది కటకము. ఉదాహరణకు స్థిరాంకము 118.4, పొడవు 23.5, కార్నియా 44 అయినచో, 118.4 నుండి 58.75, మరల 39.6 పోగా సుమారు 20 డయాప్టరులు. ఆ స్థిరాంకము ప్రతి జాతి కటకమునకు వేరు; వైద్యుడు తన ఫలితములను చూచుకొని తన చేతికి తగినట్లు సవరించుకొనవచ్చును. ఈ సూత్రము లోకమంతటను వ్యాపించుటకు కారణము దాని సత్యము కంటె దాని సౌలభ్యమే యని మాకు తోచును. సగటు కన్నులకు అది చక్కగా నడచెను. మరీ పొడవైన కన్నులకు, మరీ పొట్టివానికి సరళరేఖ చాలదు. ప్రకృతి అచ్చట వంపు తిరుగును.

మన జ్యోతిర్గణితములో సిద్ధాంతము చెప్పిన స్థానమునకును, ఆకాశమున గ్రహము కనబడిన స్థానమునకును భేదము వచ్చినప్పుడు బీజసంస్కారమను సవరణ చేయుదురు. సిద్ధాంతమును విడువరు, దృష్టిని కాదనరు. 1988లో హాలడే, 1990లో వెనుకటి ముగ్గురు, 1993లో హాఫర్ చేసినది ఇట్టి సంస్కారమే. వారు దృశాశాస్త్రపు సూత్రమునకు మరలి వచ్చి, అందులో తెలియనిదానికి మాత్రము అనుభవమును ఆశ్రయించిరి.

ఆ తెలియనిది మూడవ కొలత: కటకము నిలుచు స్థానము. దీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలెను, ఏలయన ఈ కథలోని కీలకమిదియే. కార్నియాను నేడు కొలువవచ్చును. పొడవును నేడు కొలువవచ్చును. కటకము నిలుచుచోటును నేడు కొలుచుట అసాధ్యము. అది ఇంకను కంటిలో లేదు. శస్త్రచికిత్స జరిగి, కొన్ని వారములు గడచి, కటకమును పట్టియున్న పలుచని సంచి ముడుచుకొని బిగిసినపిమ్మట గాని అది తన స్థానమును చేరదు. 23.5 మిల్లీమీటర్ల పొడవు, 44 డయాప్టరుల కార్నియా గల కంటినే మరల తీసికొందము. కటకము కార్నియాకు 4 మిల్లీమీటర్ల వెనుక నిలుచుననుకొన్నచో లెక్కకు 17.8 డయాప్టరులు వచ్చును. 5 మిల్లీమీటర్ల వెనుక నిలుచుననుకొన్నచో 19.5. ఒక్క మిల్లీమీటరు ఊహ తప్పినచో ఒకటిన్నర డయాప్టరుకు మించిన తప్పు. పై మువ్వురి సూత్రములును పొడవునుబట్టి, కార్నియా వంపునుబట్టి ఆ స్థానమును ఊహించినవి. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ శాస్త్రజ్ఞుడు వుల్ఫ్‌గాంగ్ హైగిస్, శస్త్రచికిత్సకు ముందు సహజకటకము ఎంత లోతున ఉన్నదో కూడ కొలిచి లెక్కలో చేర్చెను. వచ్చు కోడలు ఇంటిలో ఎచ్చట సర్దుకొనునో పాతవారి అలవాటునుబట్టి ఊహించుట వంటిది ఇది. తరచు ఫలించును, ఎల్లప్పుడు కాదు.

పొడవు కొలత మాత్రము 1999లో మరియొక మెట్టెక్కినది. అతిధ్వని యంత్రపు కొనను కార్నియాకు ఆనించి కొలుచునప్పుడు చేయి కొంచెము నొక్కినను కన్ను అణగి, పొడవు తక్కువగా వచ్చును. పదవవంతు మిల్లీమీటరు అణగినచో పావు డయాప్టరు తప్పు. వియన్నాలో ఫెర్కర్ మొదలగువారు ధ్వనికి బదులు వెలుతురునే కంటిలోనికి పంపి, తిరిగివచ్చిన తరంగముల కలయికనుబట్టి పొడవు కొలుచు పద్ధతిని పెంపొందించిరి. జైస్ కంపెనీ దానిని యంత్రముగా చేసి ఆ సంవత్సరమున విపణిలో పెట్టెను. కంటిని ముట్టవలసిన పనిలేదు. పొరపాటు మిల్లీమీటరులో వందవవంతులకు దిగెను.

ఈ మార్పు లెక్కల తప్పులలో స్పష్టముగా కనబడును. 1992లో డెన్మార్కు వైద్యుడు తోమస్ ఓల్సెన్ తప్పుల మూలములను విడదీసి చూపినప్పుడు నూటికి 54 పాళ్లు పొడవు కొలతవి, 38 కటకస్థానపు ఊహవి, 8 కార్నియావి. 2008లో నార్బీ మరల లెక్కించినప్పుడు పొడవు పాలు 17కు తగ్గినది. 35 పాళ్లతో కటకస్థానమే మొదటికి వచ్చినది. విచిత్రమేమనగా రెండవది, 27 పాళ్లు, శస్త్రచికిత్స పిమ్మట కళ్లద్దములకై చేయు పరీక్షలోని తబ్బిబ్బు. కొలుచుటకు వాడిన అద్దపుపెట్టెయే తప్పులకు ఒక కారణమయ్యెను!

బ్రిటనులో 2009లో సూచించిన ప్రమాణము ప్రకారము నూటికి 85 కన్నులు ఉద్దేశించిన సంఖ్యకు ఒక డయాప్టరు లోపల, 55 కన్నులు అర డయాప్టరు లోపల ఉండవలెను. 2018లో అమెరికాలో 18,501 కన్నుల ఫలితములను పరిశీలించినప్పుడు, ఆస్ట్రేలియా వైద్యుడు గ్రాహమ్ బారెట్ సూత్రముతో ఒక జాతి కటకమునకు నూటికి 80 అర డయాప్టరు లోపల వచ్చినవి. అయినను కొన్ని కన్నులు ఇంకను మొండికెత్తుచున్నవి. యౌవనమున లేజరుతో కార్నియాను చెక్కించుకొని అద్దములు మానినవారు ఇప్పుడు శుక్లపు వయస్సునకు వచ్చుచున్నారు. వంపు కొలుచు యంత్రము కార్నియా ముందుభాగమును మాత్రమే చూచి, వెనుకభాగము దానికి మామూలు నిష్పత్తిలో ఉన్నదని నమ్మును. లేజరు ఆ నిష్పత్తిని చెరచినది. లెక్క కార్నియాకు లేని బలమును అంటగట్టును. కటకము చాలినంతది పడదు. ఇట్టివారికి ప్రత్యేక సూత్రములు ఉన్నవి. చెక్కించుకొనుటకు ముందటి కొలతల కాగితములు దాచియుంచినచో మేలు.

మన దేశమునకు వచ్చినచో, 1992లో మదురైలో ఆరోలాబ్ సంస్థ కటకములను చౌకగా చేయ నారంభించినపిమ్మట అవి బీదవారికిని అందినవి. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ 1996 నుండి 2000 వరకు ఆంధ్రప్రదేశమున కన్నులను సర్వే చేయించినప్పుడు, శస్త్రచికిత్స జరిగియు చూపు చాలనివారు కనబడిరి. తగిన అద్దము లేకపోవుట అందులకు ముఖ్యకారణములలో ఒకటి. కటకము చౌకయగుట చాలదు, లెక్కయు అందవలెనని దీనినిబట్టి తెలియును. కొలత యంత్రము లేనిచోట నేటికిని సగటు కటకమే శరణ్యము. యంత్రమున్నను మన పల్లెలలో శుక్లము బాగుగా ముదిరినపిమ్మట గాని ఆసుపత్రికి రారు. అట్టి దట్టమైన కటకముగుండ వెలుతురు పోజాలదు. వెలుతురుతో కొలుచు యంత్రము చేతులెత్తివేయును. అప్పుడు మరల అతిధ్వనియే గతి. కొనను కంటికి ఆనింపక, కనురెప్పల నడుమ చిన్న గిన్నె నిలిపి, అందులో నీరు నింపి, ఆ నీటిగుండ కొలిచినచో కన్ను అణగు బాధ తప్పును. కొంచెము ఓపికతో కూడిన పనియే గాని ఖర్చు లేనిది.

లెక్క ముగిసినపిమ్మట వైద్యుడు రోగిని అడుగదగిన ప్రశ్న యొకటి మిగులును. సామాన్యకటకము ఒక్క దూరమునకే స్పష్టత నిచ్చును. పొలము గట్టున నిలిచి దూరమున పశువులను చూడవలసినవానికి సున్నా దగ్గర తగును. సూదిలో దారమెక్కించు దర్జీకి, మగ్గముమీద పోగులు చూచు నేతవానికి రెండు డయాప్టరుల హ్రస్వదృష్టిని కావలెననియే మిగిల్చినచో పనికి అద్దములు అక్కరలేదు. బజారునకు పోవునప్పుడు మాత్రము పెట్టుకొనవచ్చును. చాలమంది వైద్యులు సున్నాకు కొంచెము ఋణమువైపు గురిపెట్టుదురు. లెక్క అటు తప్పినచో దగ్గరి వస్తువులైనను కనబడును, ధనమువైపు తప్పినచో దూరమును దగ్గరయు రెండును మసకయే.